ఆయా లాగిన్

ఆయన కీబోర్డును బోర్లించి తట్టగానే బల్ల మీద రాలినవి చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బిస్కెట్టు పొడి, తలవెంట్రుకలు, పంటిపుల్ల ముక్క, ఎవరో కత్తిరించుకున్న గోరు. గోరు! పదకొండు మంది వంతులవారీగా వాడుకునే కంప్యూటరు ముందు కూర్చుని గోళ్ళు తీసుకునే ఆ మహానుభావుడెవరో ఆయనకు తెలుసు. తెలిసి చేసేదేముంది? కాగితంతో ఊడ్చి బుట్టలో వేసి, కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొచ్చాడు.

నీటిమీటర్ల ఆఫీసులో ఆయన్ని అందరూ కోటాగారు అంటారు. ఏ ఫైలు ఎవరు తెరవొచ్చో, ఎవరు చూసి ఊరుకోవాలో, లోపల ఎవరికెంత చోటో మీటలు నొక్కి కట్టడి చేసేది ఆయనే. "మీ కోటా అయిపోయిందండీ" అన్న మాట ఇరవై రెండేళ్ళుగా ఆయన నోట నానుతోంది. ఇంట్లో భోజనాల దగ్గర బావమరిది కూడా, "బావగారూ, నా కోటా అయినట్టేనా?" అని కంచం ముందుకు జరిపి ఆటపట్టిస్తాడు. ఈయనా నవ్వేస్తాడు. సన్నటి మెడ, జేబులో రెండు పెన్నులు, నోట్లో నాలుక లేని మనిషి. పైవాళ్ళు ఏం చెప్పినా "అలాగేనండి" తప్ప ఇంకో మాట ఎరగడు.

ఆ రోజు పొద్దున్నే డిస్కు నిండిపోయింది. మీటర్ల సెక్షన్లో ఒక్క ఫైలూ సేవ్ కావడం లేదు. పుండు మీద కారంలా పైఆఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. పది జీబీ దాటి వాడినవాళ్ళ జాబితా సాయంత్రంలోగా సంతకం పెట్టి పంపాలి, సొంతానికి వాడుకున్నవాళ్ళను వెంటనే పనిలోంచి తీసేయాలి.

ఒక్కో లాగినూ తెరిచి చూడసాగాడు. థూ, ఏం మనుషులు! హెడ్‌గుమాస్తా 'అర్జెంటు' అని పేరు పెట్టి తన కాలిపుండు మానుతున్న వైనాన్ని రోజుకొకటి చొప్పున నలభై ఫోటోలు దాచుకున్నాడు. రికార్డుల మేడమ్ పక్కింటివాళ్ళతో పడ్డ గొడవను బూతులతో సహా భద్రపరిచింది. అయినా ఇవన్నీ కలిపితే నాలుగు జీబీ లేవు. డిస్కును మింగిన లాగిన్ ఒక్కటే, నాలుగు వందల పన్నెండు జీబీ. దాని పేరు 'ఆయా'.

ఆయా ఆఫీసు ఊడ్చే మనిషి. పదిహేడేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. కంప్యూటరును తాకేది పొద్దున తడిగుడ్డతో తుడిచేటప్పుడు మాత్రమే. ఆ లాగిన్ సంగతి కోటాగారికి తెలియనిది కాదు. స్వయంగా తన చేతులతో తెరిచిందే. ఎనిమిదేళ్ళ కిందట పెద్దసారు గదిలోకి పిలిచి, "నా పేరు మీదుంటే పైవాళ్ళ కళ్ళు పడతాయి. ఆయా పేరున ఒకటి తెరువు. లిమిట్ పెట్టకు" అన్నాడు. అలాగేనండి అని ఈయన పరిమితి గడిలో టిక్కు తీసేశాడు. అప్పటినుంచీ పెద్దసారు సినిమాలు, విందుల వీడియోలు, తలుపేసుకుని చూసే ఇంకేవేవో అన్నీ ఆమె పేరునే పోగయ్యాయి. కోటాగారు ఒక ఫైలు తెరిచి అరక్షణంలో మూసేశాడు. ఛీ! మళ్ళీ కొళాయి దగ్గరికి నడిచాడు.

జాబితా ప్రింటు తీసి పెద్దసారు ముందు పెట్టాడు. పెద్దసారు పెన్నుమూత చెవిలో తిప్పుకుంటూ చదివి, ఆ మూతనే తిరిగి పెన్నుకు తగిలించాడు.

"ఇంకేం, దొరికిందిగా. పంపించెయ్."

"సార్, అది మీరు చెబితేనే కదా..."

"నేను చెప్పినట్టు కాగితముందా?"

"లేదండి."

"మరి? రిమార్కుల గడి ఖాళీగా వదిలెయ్. నీకింకా ఆరేళ్ళ సర్వీసుంది. అమ్మాయి చదువు మధ్యలో ఉంది కదూ?"

కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేదెవరికి? కోటాగారు తన బల్ల దగ్గర ఆ గడిని చూస్తూ కూర్చున్నాడు. 'ఈ లాగిన్ అధికారి చెప్పగా నేను తెరిచినది.' ఒక్క వాక్యం. రాస్తే ఆయా ఉద్యోగం నిలబడుతుంది, తనది ఊడుతుంది. రాయకపోతే రేపటినుంచి ఆమె ఇంట్లో కూర్చుంటుంది. మధ్యాహ్నం భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"మీరు తెరిచింది మీరే చెప్పకపోతే ఎలాగండీ?" అంది ఆమె. ఆ వెంటనే, "చెబితే మనమేమైపోతాం?" అని కూడా తనే అడిగింది.

ఆయన సరే ఉంటానని పెట్టేశాడు.

నాలుగింటికి పెన్ను తీసి గడి మీద ఆన్చాడు. చుక్క సిరా దిగింది. ఆ చుక్క చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని సాగదీసి ఈ చివరినుంచి ఆ చివరికి గీత గీశాడు. చెప్పాల్సిందేమీ లేనప్పుడు ఆఫీసుల్లో అలాగే గీస్తారు. కింద సంతకం పెట్టాడు.

ఐదింటికి ఆయాను పిలిపించారు. అందరికీ వినపడాలనే కాబోలు, పెద్దసారు తలుపు తెరిచే ఉంచాడు.

"నిన్ను నమ్మితే ఇదా నువ్వు చేసింది? రేపట్నుంచి రావద్దు!"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! గుమాస్తాలంతా తలలు వంచుకున్నారు. ఆ సినిమాలు పెద్దసారు దగ్గర అడిగి తీసుకుని చూసినవాళ్ళే సగం మంది.

"నాకేం తెలీదు బాబూ" అంటోంది ఆయా. "తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఏదో మీట నొక్కుకుని ఉంటుంది. రోజూ తుడుస్తాను కదా, ఎన్నిసార్లు నొక్కుకుందో ఏమో. పొరపాటైపోయింది."

కోటాగారు తన బల్ల దగ్గరే ఉండి విన్నాడు. చేయని తప్పుకు ఆమె కారణం కూడా తనే వెతికిపెట్టింది. లేచి వెళ్ళి, "అది నేను చేసిందమ్మా" అనాలి. అంతే. కానీ కుక్కిన పేనులా కూర్చున్నాడు. గోళ్ళ మనిషి మీదా, పుండు ఫోటోల మీదా, చెవిలో తిప్పిన పెన్నుమూత మీదా పొద్దుటినుంచి పుట్టిన అసహ్యమంతా వెనక్కి తిరిగి తన మీదికే వచ్చింది. వాళ్ళందరికంటే తనే రోతగా కనిపించాడు.

ఆ లాగిన్ మూసేయమని కబురొచ్చింది. లోపలివన్నీ పెద్దసారు అప్పటికే తన సొంత డిస్కులోకి ఎక్కించుకున్నాడు. కోటాగారు ఆమె పేరు మీద నొక్కి, చూసే అనుమతి తీసేశాడు, రాసే అనుమతి తీసేశాడు. చోటు ఎంత అన్న దగ్గర సున్నా పెట్టాడు.

అప్పుడే ఆయా గదిలోకి వచ్చింది. ఆయన తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"బాబూ, నావల్ల నీకూ మాటొచ్చిందా?"

తల అడ్డంగా ఊపాడు.

"హమ్మయ్య. నీ యంత్రం పాడుచేశానేమోనని భయపడి చచ్చాను." చేతిసంచిలోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. "వాళ్ళకిస్తే ఎక్కడో పారేస్తారు, నువ్వైతే జాగ్రత్త మనిషివి. పసుపు దారం పెద్దసారు గదిది. ఎర్రది నీ గదిదే, కాస్త పైకెత్తి తిప్పాలి, లేకపోతే తాళం పడదు. వెళ్ళొస్తా బాబూ."

"అలాగేనమ్మా" అన్నాడు. నోరు తెరిస్తే వచ్చింది ఆ ఒక్క మాటే.

చెప్పుల చప్పుడు మెట్ల మీద కాసేపు వినిపించి ఆగిపోయింది. ఈ ఆఫీసులో ఏ గదైనా తెరిచే అనుమతి ఇన్నేళ్ళూ ఆమె ఒక్కదానికే ఉండేదని, ఏ గదిలోంచీ ఒక్క గుండుసూదైనా పోలేదని ఆయనకు అప్పుడు తోచింది.

బల్ల మీద తాళాల గుత్తి ఉంది. తొమ్మిది తాళంచెవులు, తొమ్మిది రంగుల దారాలు, ఒక్కటీ ఊడిపోకుండా రెండేసి ముళ్ళు.