దీపం వేళ కబురు

మా ఇంట్లో చెడ్డమాట అనకూడదు. అంటే తథాస్తు దేవతలు వింటారు. దీపం పెట్టే వేళ వాళ్ళ చెవులు మరీ చురుగ్గా ఉంటాయని మా అత్తగారు చెప్పేవారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. చెన్నై పురసవాక్కంలో మా పప్పుల మండీలో పనిచేసేవాళ్ళకు కూడా ఈ నియమం అలవాటైపోయింది. అలాంటి ఇంటికి సింధూరి కోడలుగా వచ్చింది.

ఆమె ఉద్యోగం ఒక ఆడిటర్ ఆఫీసులో. ప్రాణం మాత్రం కయాక్ మీద. అంటే ఒక్క మనిషే పట్టే సన్నటి పడవ. నడుం దాకా అందులోకి దూరి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ పోవాలి. పడవ తలకిందులైతే బయటికి రాకుండానే నడుం విసిరి మళ్ళీ పైకి లేవాలి. చెన్నై దగ్గరి కోవళం సముద్రంలో ఆమె అలా లేవడం ఒకసారి చూశాను. నీళ్ళ కింద ఉన్నంతసేపూ నాకు ఊపిరాడలేదు. పైకి వచ్చి నవ్వింది. ఇంత ధైర్యం ఎవరింటి పిల్లదని అడగబోయి, మా ఇంటిదేనని గుర్తొచ్చి గర్వపడ్డాను.

పోయిన చలికాలానికి ముందు ఆమె పెద్ద ప్రయాణమే తలపెట్టింది. అరుణాచల్ కొండల్లో ఒక నది. దాని పేరు నాకు నోరు తిరగదు. వారం రోజులు ఆ నదిలోనే పోవాలి. దారిలో ఊరు లేదు, రోడ్డు లేదు, ఫోను పలకదు. తోడుగా ఆమెతో కయాక్ నడిపే స్నేహితులు జెబ, చంద్రు. ముగ్గురూ ఒక ఆదివారం మా హాల్లో నది ఫోటోలు పరుచుకుని కూర్చున్నారు. నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి చెవిన పడిన మాటలివి.

"ఈడ జెబ తలకి దెబ్బ తగిలి స్పృహ పోతే?" అంటోంది సింధూరి.

"నువ్వు నన్ను ఒడ్డుకి లాగు, చంద్రు తాడు ఏస్తాడు," అంది జెబ, మురుకు కొరుకుతూ.

"ఆడ నా చెయ్యి విరిగితే?"

నాకు ఒళ్ళు మండింది. "శుభం పలకరా మంకెన్నా అంటే... ఏం మాటలమ్మా ఇవి, నడింట్లో కూర్చుని?" అన్నాను.

సింధూరి కోప్పడలేదు. నా చేతిలోని పళ్ళెం అందుకుని పక్కన పెట్టింది. "మనం చెప్పకుంటే నదికి తెలీదా అత్తా? ఈడ నోట్లోంచి రానిదే ఆడ మా మీదికి వస్తాది. కొంజం కూర్చోండి, మీరూ వినండి," అంది.

తిట్టడానికే కూర్చున్నాను. కానీ విన్నకొద్దీ ఆ సంగతే మరిచిపోయాను. ఏ ఇసుకమేట మీద పడుకోవాలో, రాత్రికి నీళ్ళు పెరిగితే ఎటు ఎక్కాలో ఆమె ముందే చూసి పెట్టింది. ఎక్కడ పడవ దిగి, దాన్ని భుజాన వేసుకుని బండల మీదుగా నడవాలో, ఏ మలుపు దాటితే ఇక వెనక్కి రాలేమో అన్నీ చెప్పింది. తిండి ముగ్గురి పడవల్లోనూ సమంగా సర్దాలట, ఒక పడవ పోయినా ఎవరూ పస్తుండకుండా. సరుకంతా ఒకే బండికి ఎక్కించకూడదని మా ఆయన సుందరంగారు బతికుండగా రోజూ చెప్పేవారు. ఈ పిల్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

ఆ రోజు నుంచి తిండి పని నాది. బియ్యం, పెసరపప్పు వేయించి, రవ్వ పట్టించి, మిరియాలు, జీలకర్ర కలిపి పొట్లాలు కట్టాను. వేడినీళ్ళు పోస్తే పొంగలి అవుతుంది. మధ్యలో ఒక ఆవకాయ సీసా కూడా దూర్చాను. సింధూరి దాన్ని మండీ త్రాసు మీద పెట్టి బరువు చూసింది, నా మొహం చూసింది, సీసా తీసి పక్కన పెట్టేసింది.

అంతా కుదిరింది, ఒక్కటి తప్ప. ఊళ్ళో ఉండి కబురు అందుకునే మనిషి కావాలి. వాళ్ళ దగ్గర ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే, అందుకునే చిన్న యంత్రం ఉంది. రోజూ దీపం వేళకు క్షేమమని కబురు పెడతారు. రాకపోతే మర్నాడు పాలు వచ్చేదాకా ఆగాలి. అప్పటికీ రాకపోతే వెతికేవాళ్ళకు ఫోన్ చేయాలి. తొందరపడితే ఎవరో పరాయివాళ్ళు ఊరికే ప్రాణాలకు తెగించి బయలుదేరతారు. ఆలస్యమైతే వీళ్ళు దక్కరు. అలాంటి మనిషి దొరక్కపోతే ప్రయాణమే లేదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. జెబ వాళ్ళమ్మ ఫోను పక్కన పెట్టి ప్రార్థనకు కూర్చుంటుంది. చంద్రు ఇంట్లో ఈ సంగతే తెలియదు. ఇక నా కొడుకు శివరామ్ సంగతా, పెళ్ళాన్ని దోమ కుడితే వీడు డాక్టరు దగ్గరికి పరిగెడతాడు.

"మీరు ఉంటారా అత్తా?" అని అడిగింది సింధూరి. "మండీలో ధర ఎగిరినా, పడినా మీ మొహం మారదు. నేను చూస్తానే ఉండా."

"ఆ మాటలు నా నోటితో పలకలేనమ్మా," అన్నాను. నిజంగానే భయం వేసింది.

ఆమె మొహం వాడిపోయింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన నది అది. అయినా బలవంతపెట్టలేదు. "సరి అత్తా. ఈ శనివారం పులికాట్ సరస్సులో ఒక రాత్రి ఉండి చూస్తాం, అంతా సరిగ్గా ఉందా అని. దానికి మాత్రం ఉండండి. ఆపైన మీ ఇష్టం," అంది.

శనివారం దీపం పెట్టి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. కబురు రాలేదు.

"అమ్మా, కారు తీస్తా," అన్నాడు శివరామ్.

"కూర్చో. పాలు రానీ."

"నీకు మనసనేది ఉండాదా?"

"ఉండబట్టే కూర్చోనుండాను," అన్నాను.

ఆ రాత్రి ఎలా గడిచిందో అడగకండి. తెల్లవారింది, పాలు వచ్చాయి, కబురు రాలేదు. పూజగది వైపు తిరిగి, కాసేపు చెవులు మూసుకోండి స్వామీ అని దండం పెట్టాను. ఏమన్నా అయితే చెప్పమని సింధూరి నంబరు ఇచ్చి పోయిన తొండియార్‌పేట అంతోనీకి ఫోన్ చేశాను. పులికాట్‌లో అతనికి మోటారు పడవ ఉంది.

"అంతోనీ, మా కోడలి దగ్గర్నించి కబురు లేదు. ముగ్గురుండారు. పడవలు ఎరుపు, పసుపు, నీలం. తిరగబడి ఉండొచ్చు. దెబ్బలు తగిలుండొచ్చు. మునిగిపోయి కూడా ఉండొచ్చు. రాత్రికి ఉత్తరం పక్క తిన్నె మీద ఉంటామన్నారు. ఆడ మొదలుపెట్టు."

అంతా తడబడకుండానే చెప్పాను. ఫోను పెట్టేశాక మాత్రం, పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా లేచి గ్యాస్ కట్టలేకపోయాను.

ముగ్గురూ ఆ తిన్నె మీదే, క్షేమంగా, టీ కాచుకుంటూ కనిపించారు. యంత్రం ఆకాశం కనబడకుండా తడిబట్టల సంచి అడుగున ఉండిపోయిందట, కబురు బయటికి పోనే లేదు. మధ్యాహ్నానికి సింధూరి బురదకాళ్ళతోనే తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"తప్పు నాది అత్తా. బటన్ నొక్కినా గానీ, పోయిందా లేదా చూడలా," అంది. యంత్రం మీదికి నెట్టలేదు, జెబ మీదికి నెట్టలేదు. కన్నకొడుకు నోట కూడా నేనింతవరకూ అంత సూటిగా తప్పు అనే మాట వినలేదు. "ఇంక రెండు యంత్రాలు. ఒకటి నా ఒంటి మీదే. ఇంకోటి జెబ దగ్గర. మీ దగ్గర్నించి 'చేరింది' అని వచ్చేదాకా ఎవరమూ అన్నం ముట్టం. మీరు ఉంటే."

సాయంత్రం దీపం వెలిగించి, ఆమెను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఇప్పుడు చెప్పు. నీ కాలు విరిగితే ఎవరికి చెయ్యాల? నువ్వే లేకపోతే ఆ ఇద్దర్నీ ఎవరు తీసుకొస్తారు?"

"అమ్మా, దీపం వేళ," అన్నాడు శివరామ్.

"విననీరా. వాళ్ళకీ తెలియాల కదా," అన్నాను.

సింధూరి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఒక్కొక్కటే చెప్పింది. నేను ఒక్కొక్కటే తిరిగి అప్పజెప్పాను.

బయలుదేరే రోజు ఎదురు రావడానికి పక్కింటి వాసంతి నీళ్ళబిందెతో వీధిలో నిలబడింది. సుందరంగారు పోయినప్పటినుంచీ అలాంటి వేళ నేను వంటింట్లోనే ఉంటాను. ఎవరూ పొమ్మనలేదు, నేనే ఉంటాను. గడప దగ్గరి దాకా పోయిన సింధూరి వెనక్కి వచ్చింది.

"మీరు రాండి అత్తా, ఎదురు."

"నేను రాకూడదమ్మా. వాసంతి ఉంది కదా."

"ఆడ ఏమన్నా అయితే మమ్మల్ని వెతికించేది మీరు. మీ మొహం చూడకుండా ఎట్ల పోయేది?"

వాసంతి బిందె నా చేతికిచ్చింది. వీధి చివరిదాకా పోయి, తిరిగి మా గుమ్మం వైపు నడిచి వచ్చాను. సింధూరి నా కళ్ళలోకి చూసి, "పోయొస్తా," అంది.

నదిలో దిగిన మొదటి రోజు దీపం పెట్టి కూర్చున్నాను. శివరామ్ గోళ్ళు కొరుకుతున్నాడు. వత్తి ఇంకా నిలదొక్కుకోకముందే ఫోను మోగింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో.

"ముగ్గురం బాగుండాం అత్తా. పొంగలి ఉడికింది. మీ కబురు కోసం కూర్చోనుండాం."

నేను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. "చేరింది. తినండి."