లోయకు నీడ పట్టినదాన్ని

నేను ఒక అట్టముక్కను. సబ్బుపెట్టె నుంచి రూపాయి బిళ్లంత గుండ్రంగా కత్తిరించి, విరిగిన గొడుగు చువ్వకు నన్ను కట్టింది కాంతామణి. ఇంతేనా నీ పుట్టుక అంటారేమో, అనుకోండి. మర్యాదలు పాటించే ఓపిక నాకివాళ లేదు.

ఆవిడ భర్త చిదంబరం అటవీశాఖలో గుమాస్తా. పాత కెమెరా ఒకటి సంపాదించి, సెలవు దొరికితే చాలు నల్లమలలో పడి తిరిగేవాడు. కొండలెక్కడం, వెలుగు కోసం గంటలు గంటలు కాచుకోవడం ఆయన వంతు, కాదనను. కానీ కొండ మీద ఫొటో సగమే పుడుతుంది. మిగతా సగం మా స్నానాలగదిలో, ఎర్రబల్బు కింద పుట్టేది. నెగటివ్ గుండా కాగితం మీద వెలుతురు పడుతుంది. ఎంతసేపు పడితే అంత నలుపు. ఆకాశం సరిగ్గా తేలేలోపు లోయ బొగ్గయ్యేది. అందుకే లోయకు నేను అడ్డం నిలబడి నీడ పట్టాలి. నన్ను కదుపుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే నా గుండ్రటి మచ్చ పడుతుంది. చిదంబరం చెయ్యి ఆగేది. పాలు అడుగంటకుండా గరిటె తిప్పిన చెయ్యి కాంతామణిది. పద్దెనిమిది అంకెలు లెక్కపెడుతూ నన్ను ఆడించేది, లోయలో ఒక్కో చెట్టూ లేచి నిలబడేది. ముప్పై ఏళ్లు.

మొన్న పట్నంలో ప్రదర్శనంటూ కార్డు అచ్చయి వచ్చింది. ‘ప్రతి చిత్రమూ కళాకారుడు స్వహస్తాలతో ముద్రించినది.’ కాంతామణి రెండుసార్లు చదివింది. నన్ను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో గుచ్చింది.

పెద్ద లోయ చిత్రం ఇంకా ముద్రించాలి. చిదంబరం ఒక్కడే గదిలోకి వెళ్లి, మూడు కాగితాలు తగలేసి వచ్చాడు.

“ఏమే, ఆ అట్టముక్క ఎక్కడ పెట్టావ్?”

“మీ స్వహస్తాల్లో లేదూ?”

“ఎగతాళా? ఎల్లుండే ప్రదర్శన.”

“కార్డు మీద నా పేరు వేయించండి, దొరుకుతుంది.”

“అట్టముక్క ఊపినందుకు పేరా?”

నేను బియ్యంలో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ చువ్వతో ఏం చేసేదాన్నో.

మర్నాడు కొత్త కార్డు తెచ్చి, పెద్ద ఉపకారం చేసినవాడిలా చూపించాడు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: ‘సహకారం: శ్రీమతి.’

కాంతామణి చదివి, మడిచి ఇచ్చేసింది.

“ఆ శ్రీమతి ఎవరో, ఆవిడనే పిలుచుకోండి. వచ్చి నీడ పడుతుంది.”

నల్లటి లోయనే తీసుకెళ్లి గోడకు తగిలించాడు. చూసినవాళ్లంతా ఎంత గంభీరంగా ఉందో అన్నారట. ఇంటికొచ్చి ఆయనే చెప్పుకున్నాడు.

బియ్యంలోంచి వింటున్నాను. గంభీరమేమీ కాదు. అక్కడ కాంతామణి లేదు, అంతే.