ఆనందబాబు అంకుల్ మీద కొన్న ఇల్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను. అమెరికాలో, మోరిస్‌విల్‌లో నేను ఇల్లు కొన్నది టాక్స్ కలిసొస్తుందని కాదు, అద్దె దండగని కాదు. ఒక్క మనిషి మీద కక్షతో కొన్నాను. ఆ మనిషి ఆనందబాబు అంకుల్.

1985లో ఆయన ఇంటి కింది భాగంలో నేను అద్దెకుండేదాన్ని. నేను కంప్యూటర్ ప్రోగ్రామర్‌ని, ఒంటరిదాన్ని. ఆయన మా తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద. మాకింకా చర్చి భవనం లేదు. నెలకొకరి ఇంట్లో ప్రార్థన కూడిక, తర్వాత భోజనాలు. ఒక నెల నా వంతు వచ్చింది. పొద్దున్నుంచి నిలబడి కోడి పలావు వండాను. మసాలా వాసన పైకి వెళ్ళినట్టుంది. అంకుల్ తలుపు తట్టలేదు. తన దగ్గరున్న తాళంచెవితో తీసుకుని లోపలికొచ్చి స్టవ్ ఆపేశారు.

"ఏంటమ్మా జ్యోతీ, అద్దింట్లో మీటింగేంటి? కార్పెట్ పాడైపోదూ? పైన మా ఇంట్లోనే అని అందరికీ ఫోన్ చేసి చెప్పేశాలే."

"ఈసారి నా వంతు కదంకుల్..."

"ఇల్లు నాదే కదమ్మా! ఎక్కడ పెడితే ఏముంది?"

నా గిన్నె ఆయన చేతుల్లోనే మెట్లెక్కింది. సాయంత్రం అందరూ అంకుల్ ఆతిథ్యాన్ని మెచ్చుకుంటూ నా పలావు తిన్నారు. ఆయన కాదనలేదు. నేను తినకుండానే కిందికి వచ్చేశాను. మర్నాడే ఇళ్ళ ఏజెంటుకి ఫోన్ చేశాను.

ఇల్లు చేతికి రాగానే చేసిన మొదటి పని తాళాలు మార్పించడం. రెండోది, గృహప్రతిష్ఠ ప్రార్థనకి అంకుల్‌నీ, ఆయన భార్య వసంతకుమారి ఆంటీనీ స్వయంగా వెళ్ళి పిలవడం.

మా కూడికల్లో ఇల్లు కొన్నవాళ్ళు లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. ప్రతి మాటకీ వినేవాళ్ళు "స్తోత్రం" అనాలి. అందరికంటే గట్టిగా అనేది అంకులే. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టాను.

"దేవుడు నాకు సొంత ఇల్లిచ్చాడు."

"స్తోత్రం!" అంకుల్ గొంతుకి కిటికీ అద్దాలు అదిరాయి.

"ఇక నా తలుపు ఎవరూ తమ తాళంచెవితో తియ్యలేరు."

"స్తోత్రం!" అలవాటుకొద్దీ అనేశారు. అన్నాక అర్థమైనట్టుంది.

"వండుతుండగా వచ్చి ఎవరూ నా స్టవ్ ఆపలేరు."

"స్తోత్రం." ఈసారి గొంతు సగమే వచ్చింది.

"నా పలావు మోసుకెళ్ళి ఎవరూ తమ పలావని వడ్డించలేరు."

గదంతా "స్తోత్రం!" అంది, అంకుల్ తప్ప. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా అందరిలోకీ పెద్దవారైన దైవాశీర్వాదంగారు పైకే అడిగేశారు. "అయితే ఆ రోజు పలావు నువ్వు వండిందా అమ్మా? నేను ఆనందబాబుని తెగ పొగిడానే!"

అందరి చూపూ అంకుల్ మీదే. ఆంటీ మోచేత్తో పొడిచింది.

"అనండి మరి. పెద్దవారు, మీరే ఆగిపోతే ఎలా?"

అంకుల్ అన్నారు. పెదాలు కదలడం మాత్రం చూశాను.

భోజనాల దగ్గర ఆంటీ నా చెవిలో, "ఇంతేనా? ఇంకా గట్టిగా ఇస్తావనుకున్నానే," అంది.

పగ తీరాక మనసు బోసిపోతుందంటారు. నాకేం కాలేదు. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.

మీకూ ఇలాంటి ఓనరొకడు తగిలే ఉంటాడు. ఆయనేం చేశాడో, మీరేం చేశారో నాకు రాయండి. ఇంకా ఏమీ చెయ్యనివాళ్ళయితే ముందు రాయండి, కలిసి ఆలోచిద్దాం.