ఐదో వంతెన కొలత

నేను దర్జీని. ఇరవై రెండేళ్లుగా జనం మెడలు, భుజాలు, నడుములు కొలుస్తున్నాను. కొట్టుకు వచ్చినవాళ్లకు ఒక సంగతి గొప్పగా చెప్పేవాణ్ణి: ఒక చేయి కొలిస్తే చాలు, రెండోది కొలవక్కర్లేదు, దేవుడు జతలు కుట్టడంలో తప్పు చేయడు అని. వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, పడవల వడ్రంగి. కాలువ ఒడ్డున ఆయన షెడ్డు. పగలంతా ఊళ్లోవాళ్ల పడవలకు పుచ్చిన పలకలు మార్చేవాడు, మిగిలిన పొద్దులో తనకోసం ఒక తెరచాప పడవ చేసుకునేవాడు. అది పూర్తవడానికి ఆరేళ్లు పట్టింది. దాని తెరచాప కుట్టింది నేనే. కాలువ చివర సముద్రపు రేవు ఉంది. అక్కడిదాకా పడవను తీసుకెళ్తే పెద్ద పడవలవాళ్లు ఆయన పనితనం చూస్తారు, అతుకుల పని మాని కొత్త పడవలు చేయమంటారు. ఆయన ఆరేళ్ల ఆశ అదొక్కటే.

అడ్డమల్లా దారిలో ఉన్న ఐదు వంతెనలు. నీటి మీంచి మా తెరచాప కొయ్య కొసదాకా పదహారడుగులు. కొయ్య అడుగున ఇనప ఇరుసు ఉంది కాబట్టి తాళ్లు వదిలితే వెనక్కి పడుకుంటుంది. కానీ దాన్ని దించి మళ్లీ నిలబెట్టడానికి ఇద్దరు మనుషులకు ముప్పావు గంట పడుతుంది, అరచేతులు మండిపోతాయి. అందుకని ఎక్కడ దించాలో, ఎక్కడ నిలబెట్టే పోవచ్చో ముందే తెలిసి ఉండాలి. కొలతలు నాకొదిలెయ్యమని బావతో అన్నాను. ఆయన వదిలేశాడు. పెన్సిలూ పుస్తకమూ కూడా తనే ఇచ్చాడు.

సైకిలు మీద బయల్దేరాను. టేపు చివర ఇనప ముక్క కట్టి, వంతెన మీంచి నీటిదాకా వదిలి, అందులోంచి వంతెన మందం తీసేస్తే లెక్క తేలుతుంది. మొదటి మూడూ పొట్టివి, కొయ్య దించాల్సిందే. నాలుగోది పదిహేడున్నర అడుగులు. అది రాసుకుని సైకిలెక్కేసరికి వెనక చక్రంలో గాలి లేదు. ఎండ నెత్తి మాడుస్తోంది. ఐదోది అక్కణ్ణుంచే కనిపిస్తోంది. అదే రాయి, అదే ఇనప కటకటాలు, అదే వంపు. నాలుగోదానికి కవల అనుకున్నాను. ఒక చేయి కొలిచాను కదా అనుకుని దాని పక్కన కూడా పదిహేడున్నర అని రాసేశాను. సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది.

ఆదివారం పొద్దున్నే పడవ కదిలింది. షెడ్డు చుట్టుపక్కల పనివాళ్లంతా ఒడ్డున మా వెంట నడిచారు. మూడు వంతెనల దగ్గర కొయ్యను దించాం, లేపాం. నాలుగోదాని కింద నిలబెట్టే పోయాం. పైన అడుగున్నర ఖాళీ మిగిలింది. ఒడ్డున ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పడవ చేసినవాణ్ణి మరిచిపోయి నేను కాలరు సర్దుకున్నాను. వెనక నుంచి మంచి గాలి అందుకుంది. తెరచాప ఎత్తాం. పడవ ఐదో వంతెన వైపు పరిగెత్తింది.

చుక్కాని దగ్గర కూర్చున్న బావ తెరచాప పక్కనుంచి తొంగి చూసి కళ్లు చిట్లించాడు.

“ఇది కాస్త కిందికున్నట్టుందే. ఎంత రాశావు?”

“పదిహేడున్నర.”

“చూస్తే అలా లేదు. ఎందుకైనా మంచిది, ఒడ్డుకు కట్టి దించేద్దామా?”

దించేద్దాం అనడానికి ఎంతసేపు? నిజం చెప్పక్కర్లేదు, తల ఊపినా సరిపోయేది. కానీ ఒడ్డున అంతమంది చూస్తున్నారు, కొట్టిన చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

“నా టేపు మీద నమ్మకం లేదా బావా?” అన్నాను.

ఆయన చుక్కాని తిప్పలేదు.

కొయ్య వంతెన రాతికి తగిలి మధ్యకు విరిగింది. ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పను, ఇప్పటికీ కొట్టులో కర్ర కింద పడితే ఉలిక్కిపడుతున్నాను. తెరచాప నిలువునా చిరిగి నీళ్లలో పడింది. తాడు ఒరుసుకుని బావ అరచేతిలో తోలు లేచిపోయింది. నాకు చిన్న గీత కూడా పడలేదు.

ఒడ్డుకు లాగాక ఏమైందని అందరూ మూగారు. నేను నోరు తెరిచానో లేదో, బావే అందుకున్నాడు. పడవ అడుగున బరువుకు వేసిన ఇసుక మూటలు పొద్దున తీయించానని, పడవ తేలికై పైకి లేస్తుందన్న లెక్క మరిచిపోయానని, తప్పు తనదేనని చెప్పాడు. ఇసుక మూటలు తీస్తే పడవ లేచేది రెండంగుళాలు. ఆ సంగతి నాకే తెలుసు, ఆయనకు తెలియదా? అయినా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

సొంత పడవ ఎంత తేలుతుందో తెలియనివాడు మన పడవలేం బాగుచేస్తాడని టీ కొట్టు దగ్గర ఊళ్లోవాళ్లు నవ్వుకున్నారు. వారం తిరక్కుండా షెడ్డులో మరమ్మతుకు ఉన్న రెండు పడవల్ని వాటి సొంతదారులు వేరేచోటికి తీసుకుపోయారు. అక్కయితే అన్నం దగ్గర నా ఎదుటే ఆయన్ని కడిగేసింది. ఆరేళ్ల కష్టం ఐదు నిమిషాల్లో విరగ్గొట్టుకునే మనిషిని ఎక్కడా చూడలేదంది. ఆయన కట్టు కట్టిన చేత్తో ముద్ద కలుపుకుంటున్నాడు. నేను తల వంచుకుని కంచం ఖాళీ చేశాను.

ఎందుకు చెప్పలేదంటే, నాది కొలతల బతుకు. కొలవకుండా కొలిచినట్టు రాసే దర్జీ దగ్గరికి ఎవడొస్తాడు? రేపు చెబుదాం అనుకున్నాను. అలా మూడు వారాలు గడిచాయి.

ఒకరోజు బావ నన్ను షెడ్డుకు పిలిచి, ఈసారి కొయ్య పొట్టిగా చేస్తానని, ఐదో వంతెన ఒక్కసారి కొలిచి రమ్మని అన్నాడు. నడుచుకుంటూ వెళ్లాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదిహేనడుగుల రెండంగుళాలే వచ్చింది. వంగి చూస్తే వంతెన కింద రాతి మీద మా కొయ్య గీసిన తెల్లటి గీత ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇక దాక్కోవడానికి చోటు లేదు, ఈ అంకె చెబితే పాత అంకె అబద్ధమని చెప్పినట్టే.

తిరిగొచ్చేసరికి బావ కొత్త కొయ్యకు చిత్రిక పడుతున్నాడు.

“పదిహేనడుగుల రెండంగుళాలు,” అన్నాను.

ఆయన తల ఊపి పనిలోనే ఉన్నాడు. రాసుకోవా అని అడిగాను. చెవి మీది పెన్సిలు తీసి దాంతో గోడ వైపు చూపించాడు. పనిబల్ల పైన, సున్నం మీద రాసి ఉంది: 15 అడుగులు, 2 అంగుళాలు. కింద తేదీ. కొయ్య విరిగిన మర్నాటి తేదీ.

ఆ చేత్తోనే, ఆ కట్టుతోనే వెళ్లి కొలిచి ఉంటాడు.

“తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదేం బావా?”

“కొలిచింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే కదా.”

కోపంగా అన్నా బాగుండేది. చితక్కొట్టినా బాగుండేది. ఆయన మళ్లీ చిత్రిక అందుకున్నాడు.

ముందు అక్కకు చెప్పాను. కంచాలు తుడుస్తున్నదల్లా ఆగింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. “మూడు వారాలు ఆయన్ని నా చేత తిట్టించావురా,” అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత టీ కొట్టు దగ్గరికి వెళ్లి, ఐదో వంతెన నేను కొలవలేదని, కొలిచినట్టు రాశానని, బావ లెక్కలో తప్పేం లేదని అందరి ముందూ చెప్పాను. వాళ్లలో పెద్దాయన తన చొక్కా చేతులు రెండూ ముందుకు చాపి, పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఆ చొక్కా నేను కుట్టిందే.

రెండు పడవల్లో ఒకటి నాలుగు రోజులకు బావ షెడ్డుకు తిరిగొచ్చింది. రెండోది రాలేదు.

ఆ వారంలోనే పాత ఖాతాదారు ఒకాయన గుడ్డ తీసుకుని కొట్టుకొచ్చాడు. మెడ కొలిచాను, ఛాతీ కొలిచాను, కుడి చేయి కొలిచి రాసుకున్నాను. అలవాటుగా టేపు మెడలో వేసుకోబోయాను. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని ఎడమ చేయి చాపాడు.

కొలిచాను. అర అంగుళం తేడా వచ్చింది.