మా ఇంటి వంతులు

నాకు నలుగురు పిల్లలని చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో జాలి కనిపిస్తుంది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయ్యో, ఎలా వేగుతున్నావు తల్లీ అంటారు, నేనేదో తగ్గని జ్వరంతో మూలుగుతున్నట్టు. నేను వేగడం లేదు, పెంచుతున్నాను. నలుగురూ వేళకి లేస్తారు, వేళకి తింటారు, బడి గంట కొట్టేసరికి గేటు లోపల ఉంటారు. మా పిల్లలు ఆలస్యంగా వచ్చారని బడి నుంచి ఒక్క మాట పడలేదు నేను. ఈ సంగతి అడిగినవాళ్లకి చెబుతాను, అడగనివాళ్లకీ చెబుతాను.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఊరు నిద్ర లేవకముందే డిపోకి వెళ్లిపోతారు. నేను పరదాల షాపు వాళ్లకి ఇంట్లోనే కుట్టి ఇస్తాను. కిటికీ కింద మిషను, పక్కన గుడ్డల కట్టలు, వాటి మీద ఎప్పుడూ ఎవడో ఒకడు ఎక్కి కూర్చుని ఉంటాడు. కాబట్టి పొద్దుటిపూట ఇంటికి పెద్దదిక్కు నేనొక్కదాన్నే. నాకున్నవి రెండు చేతులు, వాళ్లకున్నవి ఎనిమిది కాళ్లు.

ఆఖరిదాన్ని బడిలో వేసిన కొత్తలో అందర్నీ నేనే తయారు చెయ్యాలని చూశాను. ఒకడికి చొక్కా తొడిగేలోపు ఇంకొకడు విప్పేసేవాడు. తలప్రాణం తోకకి వచ్చి, ఒకరోజు హాలు మధ్యలో నిలబడి ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరిచి, ఆ కోపంలోనే వాళ్లని వాళ్లకే పంచేశాను. పెద్దదాని జడలూ సంచీ నా వంతు. రెండోవాడు పెద్దదాని వంతు. మూడోవాడు రెండోవాడి వంతు. ఆఖరిది మూడోవాడి వంతు.

వంతంటే మాటలు కాదు. ఒకరికి ఒక్కళ్లే వంతు. తన వంతు మనిషి స్నానం, బట్టలు, తల, బూట్లు అన్నీ తనే చూడాలి. తన వంతు మనిషి వచ్చి కంచం ముందు కూర్చునేదాకా ముద్ద ముట్టకూడదు. ఇంకొకరి వంతులో వేలు పెట్టకూడదు. ఆ ఆఖరి షరతు పెట్టింది నేనే, ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది. రెండోవాడి చెవి వెనక సబ్బు అలాగే ఉందని నేనంటే, అది తను చూసుకుంటుందనీ నన్ను నా మిషను చూసుకోమనీ పెద్దది చెబుతుంది. పదేళ్ల పిల్ల. ఆ జమాయింపు చూసే దాన్ని మేస్త్రీ అంటాం.

రెండోవాడు వస పోసిన పిట్ట. తమ్ముడి నెత్తిన నీళ్లు పోస్తూ బడిలో జరిగినవీ జరగనివీ అన్నీ వాడికి చెబుతాడు. ఆ తమ్ముడే మా మూడోవాడు, ఆరేళ్లవాడు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు, ఏదడిగినా కాసేపు ఆలోచించి గానీ జవాబివ్వడు. వాణ్ని తాత అని పిలుస్తాం. ఆఖరిది బుడంకాయ. నాలుగేళ్లు నిండాయి, మొండితనం మాత్రం నలభై ఏళ్లది. తాత తప్ప ఇంకెవరు గుండీలు పెట్టినా విప్పేసుకుని నిలబడుతుంది. తాత నాలిక కొంచెం బయటపెట్టి, ఒక్కో గుండీ దూర్చి, వెనక్కి ఒక అడుగు వేసి చూసుకుంటాడు. వంకరగా ఉంటే అన్నీ తీసి మళ్లీ పెడతాడు. ఎంత తొందరలో ఉన్నా ఆ ముచ్చట చూడకుండా నేను మిషను తొక్కలేను.

సెలవులకి ముందు మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. వాళ్లమ్మ పోయేనాటికి ఆవిడకి పన్నెండేళ్లు, మా ఆయన చంటివాడు. చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు వేరే ఊళ్లో ఆవిడా, వాళ్లాయనా కలిసి మందుల షాపు నడుపుతారు. పిల్లల్లేరు. ఆవిడ మాట కాదనడం మా ఆయనకి చేతకాదు, అది నాకు పెళ్లినాడే తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ నామీద జాలిపడి, నన్ను కూర్చోమని, నలుగుర్నీ తనే వరసగా తయారు చేసింది. ఆవిడ చేతులు చాలా చురుకు. చూస్తుండగానే నలుగురికీ తలలు నున్నగా దువ్వేసింది. కానీ వసపిట్ట తాత బూట్లలో కాళ్లు ఇరికించుకుని కుంటుతున్నాడు. బుడంకాయ గౌను గుండీలన్నీ విప్పేసుకుని తలుపు దగ్గర నిలబడింది. మేస్త్రీ తన పని ఎవరో లాక్కున్నట్టు మూతి ముడుచుకుంది. తాత వచ్చి, అత్తయ్యకి కోపం రాకుండా, మెల్లిగా, బుడంకాయ గుండీలు మొదటి నుంచీ పెట్టడం మొదలెట్టాడు. ఆ రోజు మొదటిసారి మా పిల్లలు గంట కొట్టాక బడికి చేరారు. వదిన ముక్కున వేలేసుకుంది. నేను నవ్వాపుకోలేకపోయాను, అదే కొంప ముంచింది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, ఆవిడ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. తాతని తమకిమ్మంది. తమ దగ్గరే ఉంచుకుని చదివిస్తామంది. పెద్ద ఇల్లు, చూసే మనుషులిద్దరు, వాడికేం లోటు రానివ్వమంది. మా ఆయన నేల చూపులు చూశారు. నేను మిషను మీంచి తల ఎత్తకుండా, పిల్లలు నా దగ్గర బాగానే ఉన్నారని చెప్పాను.

"ఏం బాగు, అమ్మాయ్? నలుగురిని కన్నావు, చూసుకోలేక పిల్లలకి పిల్లల్ని అప్పగించావు. ఆరేళ్లవాడు ఆయాలా అయిపోయాడు. వాడు ఆడుకోవద్దూ?"

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇంకో మాటైతే పడేదాన్నేమో. చూసుకోలేక అన్న ముక్క సూదిలా దిగింది. సరే, సెలవులకి తీసుకెళ్లండన్నాను. సెలవులయ్యాక అక్కడే ఉంటానని వాడు తన నోటితో చెబితే అలాగే ఉంచుకోండన్నాను, ఆడుకుంటాడో లేదో మీరే చూద్దురుగాని అన్నాను. మాట నోరు దాటగానే నాలిక కరుచుకున్నాను. మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కానీ నేను మాట వెనక్కి తీసుకునే మనిషిని కాను, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

సెలవులివ్వగానే వదినా, ఆవిడ భర్తా వచ్చి తాతని తీసుకెళ్లారు. వాడు బస్సెక్కే ముందు బుడంకాయ బూట్ల తాళ్లు ముడి వేసి, మేస్త్రీతో ఏదో గుసగుసలాడి వెళ్లాడు. ఏం చెప్పాడని అడిగితే, రెండో గుండీ కన్నం బిగుతుగా ఉంది, జాగ్రత్త అన్నాడట. నేను ఇంటికొచ్చి ఆ గౌను వెతికి, ఆ కన్నం కాస్త పెద్దది చేశాను. వాడికి నెలలుగా తెలిసిన సంగతి కుట్టుపని చేసే నాకు తెలియనే లేదు.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. వసపిట్టకి నీళ్లు పొయ్యడానికి మనిషి లేక, చెప్పిన కబుర్లు వినేవాడు లేక, నోరు కట్టేసినట్టు తిరిగాడు. మేస్త్రీ వంతులన్నీ మార్చి, బుడంకాయని వసపిట్టకి అప్పగించింది. బుడంకాయ ఒప్పుకోలేదు. నేను దువ్వెన పట్టుకుని వెళితే, నువ్వు అక్క దానివి, నా దానివి కాదని మొహం తిప్పేసుకుంది. గుండీల్లేని గౌన్లు వేసి గడిపాం. మిగతా ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు, అది ఎవరి కోసమో చూస్తున్నట్టు తలుపు వైపే తిరిగి తినేది.

నేను ఫోన్ చెయ్యలేదు. మా ఆయన డిపో నుంచి రోజూ చేసి, వచ్చి చెప్పేవారు. తాత బాగా తింటున్నాడట. ఏడవలేదట. సైకిల్ కొన్నారట. షాపులో మావయ్య పక్కన స్టూలు మీద కూర్చుంటున్నాడట. వాడు ఏడ్చి ఉంటే వెంటనే వెళ్లి తెచ్చుకునేదాన్ని. హాయిగా ఉన్నవాణ్ని ఏ మొహంతో రమ్మంటాను? నేను ఊరికే నోరు పారేసుకుని నా పిల్లాణ్ని పోగొట్టుకున్నానని మొదటిసారి భయం వేసింది. పరదాకి అంచు తలకిందులుగా కుట్టి, అంతా విప్పుకున్నాను.

ఇంకా సెలవులు చాలా ఉండగానే ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే వదిన, పక్కన తాత. ఒళ్లు చేశాడు, కొత్త చొక్కాలో ఉన్నాడు. కాళ్లకి చుట్టుకుంటాడనుకున్నాను. నన్ను చూసి నవ్వి, బుడంకాయ ఎక్కడని అడిగి లోపలికి వెళ్లిపోయాడు. నేను గడపలోనే నిలబడిపోయాను. వాడి సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చారేమోనని భయపడ్డాను.

వదిన మంచినీళ్లు తాగి మొదలుపెట్టింది. వెళ్లిన మర్నాడే తాత వాళ్ల మావయ్యని తన వంతుగా తీసుకున్నాడట. ఆయన స్నానం చేసి వచ్చేసరికి చొక్కా పట్టుకుని మంచం మీద ఎక్కి నిలబడేవాడట. గుండీలన్నీ తనే పెట్టేవాడట, చెప్పులు కుడీ ఎడమా చూసి సర్దేవాడట. చెట్టంత మనిషి వాడి ముందు కదలకుండా నిలబడేవాడట. ఇద్దరూ మురిసిపోయి వీధంతా చెప్పుకున్నారట. ఒకరోజు ఆయన వాణ్ని లేపకుండా పెందలాడే షాపుకి వెళ్లిపోయారట. ఆ పొద్దున తాత కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదట. మావయ్య తినలేదు కదా అన్నాడట. ఆవిడ ఎంత బతిమాలినా వినకుండా, ఆవిడ మొహంలోకే చూస్తూ ఆలోచించాడట.

"అప్పుడు నన్నడిగాడు, అమ్మాయ్. అత్తా, మావయ్య నా వంతు, మరి నువ్వెవరి వంతూ అని." వదిన గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చుంది. "అమ్మ పోయాక నా తల ఇంకొకరు దువ్వలేదు. నేనే అందరికీ దువ్వాను. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను."

లోపలి గదిలోంచి బుడంకాయ నవ్వు వినిపించింది. వసపిట్ట ఇన్నాళ్ల కబుర్లూ ఒక్కసారే ఒలకబోస్తున్నాడు.

"ఒక్కణ్ని అడిగాననుకున్నాను," అంది వదిన. "వాడు ఒక్కడు కాదు. పైన ఇద్దరూ, కింద ఒకత్తీ వాడితో పాటే ఉన్నారు. మళ్లీ అడగను. చూసుకోలేక అప్పగించావన్నాను నిన్ను. అది తప్పు మాట. వాడికి ఇంకొకరిని చూసుకోవడం వచ్చు, అది నువ్వు నేర్పిందే."

ఆవిడ వస్తే అనాలని నేను దాచుకున్న మాటలు బోలెడు. ఒక్కటీ గుర్తు రాలేదు. నా పిల్లాడు పరాయింట్లో నా పరువు నిలబెట్టాడని ఛాతీ నిండిపోయింది, ఆ వెంటే వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. నేనేం నేర్పలేదనీ, ఒకరోజు ఒళ్లు తెలియకుండా అరిచానంతేననీ నిజం చెప్పేశాను. తర్వాత నాకే తెలియకుండా ఇంకో మాట వచ్చింది.

"ఈ సెలవులన్నాళ్లూ ఇక్కడే ఉండండి, వదినా. రేపట్నించి మీరు నా వంతు."

తలుపు దగ్గర నిలబడి వింటున్న మేస్త్రీ వెంటనే అడ్డుపడింది. ఒకరికి ఒక్కళ్లే వంతని నువ్వే కదా చెప్పావంది. నిజమే. అది వాళ్ల అత్తయ్యని ఒకసారి చూసింది, నన్ను చూసింది, తన రెండు జడలూ చేత్తో పట్టుకుంది.

"సరే, నువ్వు అత్తయ్యని తీసుకో అమ్మా. నా జడలు నేనే వేసుకుంటాను."

మర్నాడు పొద్దున వదినని కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాను. ముందు బిగుసుకుపోయింది, తనే దువ్వుకుంటానని దువ్వెన కోసం రెండుసార్లు చెయ్యి చాపింది. ఇవ్వలేదు. జుట్టు పలచబడింది, సగం నెరిసింది. చిక్కు తీస్తూ పోగా పోగా ఆవిడ భుజాలు కిందికి దిగాయి, కళ్లు మూతలు పడ్డాయి. ఎదురుగా అద్దం ముందు మేస్త్రీ పళ్ల మధ్య రిబ్బన్ పట్టుకుని కుస్తీ పడుతోంది. ఒక జడ చెవి పైనుంచి వచ్చింది, ఇంకోటి మెడ మీంచి. నా చేతులు దురద పెట్టాయి. కానీ ఆ తల ఇప్పుడు నా వంతు కాదు. పదేళ్లుగా నా చేతిలో ఉన్న ఆ జుట్టు అలా నా చెయ్యి దాటిపోతుంటే గర్వంగానూ ఉంది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. పెద్దదాన్ని చూసి, ఆ జడలేమిటి, వాటినెవరు అలా తగలేశారని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది.

"ఎవరో ఎందుకు వేస్తారు? అదే వేసుకుంది. చక్కగా ఉన్నాయి, సరిగ్గా చూడు."