చెమట పెట్టె గోడు

నేను ఒక పెట్టెను. స్టాకు రిజిస్టరులో నా పేరు ‘మానసిక ఉద్రేక మాపకం’ అని ఉంటుంది గానీ, ఆ పేరుతో నన్ను పిలిచిన నాథుడు లేడు. హాస్టల్ పిల్లలంతా చెమట పెట్టె అనేవారు. వాళ్లు పెట్టిందే నిజమైన పేరు. నాలోంచి రెండు వైర్లు బయటికి వస్తాయి, వాటి కొసన రెండు ఇత్తడి ఉంగరాలుంటాయి. మనిషి వేళ్లకు వాటిని తొడిగితే, వేలికి చెమట ఉంటే ఎర్రదీపం, వేలు పొడిగా ఉంటే పచ్చదీపం వెలిగిస్తాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ చెమట భయానిదో, కోపానిదో, మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీదో నాకు తెలియదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నన్ను ఆడిపోసుకోరని నా ఆశ.

నన్ను తయారు చేసినవాడు విశాఖపట్నంలో రేడియోలు బాగుచేసే బాజీ. చేయించినావిడ డాక్టర్ హేమనళిని గారు, విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పేవారు. పాత ట్రాన్సిస్టరు డొల్లలో నన్ను బిగించి, ఉంగరాలు ముందుగా తన వేళ్లకే తొడుక్కున్నాడు బాజీ. పచ్చదీపం వెలిగింది. కాసేపటికి ఎర్రదీపం వెలిగింది. “ఏమాలోచించావు బాబూ?” అని ఆవిడ అడిగితే, “మా మామగారు రేపు వస్తానన్నారండి, అది గుర్తొచ్చింది” అన్నాడు. ఆవిడ నవ్వి నన్ను సంచిలో పెట్టుకున్నారు.

అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఒక క్రీడా హాస్టల్‌కు వచ్చాను. సీతంపేట కొండల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఆర్చరీ నేర్చుకునేవారు. వాళ్లకు విల్లు పట్టడం కొత్త కాదు. కానీ పోటీలో గురి ముందు నిలబెట్టి, వెనక నలుగురు కుర్చీలేసుకుని చూస్తుంటే చేతులు వణికేవి. హేమనళిని గారు ఒక్కొక్కరినీ నా ముందు కూర్చోబెట్టి, ఊపిరి ఎలా నెమ్మదించాలో, పచ్చదీపం వచ్చేదాకా ఎలా ఆగాలో నేర్పారు. ఆ పద్ధతంతా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించారు. ‘నెమ్మదిగా ఊపిరి వదులుతూ బాణాన్ని సున్నితంగా వదలండి’ అన్నది అందులో చివరి వాక్యం. నాలుగు నెలల్లో ఆ పిల్లల బాణాలు గురి నడిమి పసుపు గుండ్రం వదిలి బయటికి పోవడం తగ్గిపోయింది. నేనూ ఒక పనికొచ్చే వస్తువునే అని ఆ రోజుల్లో గర్వపడ్డాను.

ఈ సంగతి విని కబడ్డీ మాస్టారు వచ్చి, మా పిల్లలకూ పెట్టె పెట్టండమ్మా అన్నాడు. ఆవిడ వెంటనే పెట్టలేదు. పదిహేను రోజులు కబడ్డీ కోర్టు పక్కన గొడుగేసుకుని కూర్చున్నారు. పదహారో రోజున నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏడుగురి కాళ్లను ఒకేసారి కనిపెట్టుకుని ఉండాల్సినవాడికి ఊపిరి లెక్కపెట్టే పని పెడితే వాణ్ని పట్టేసుకుంటారు, వీళ్లకు వేరేది కావాలి అన్నారు. వాళ్లకోసం చప్పట్లతో ఏదో ఆట కట్టారు. నాకు చిన్నతనం అనిపించిన మాట నిజమే. కానీ ఆలోచిస్తే ఆవిడ చేసిందే సబబు.

వెయిట్‌లిఫ్టింగ్ హాల్లోనూ అలాగే జరిగింది. అక్కడి మాస్టారు లెంక సన్యాసిరావు, నోట్లోంచి మాట రాలడమే అరుదు. ఆయన శిష్యుల్లో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. పలాస దగ్గరి పిల్ల. తండ్రి లేడు. తల్లీ అక్కా జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవారు, ఆ తొక్కలోని జీడి రసానికి వాళ్ల వేళ్లు నల్లబడిపోయి ఉండేవి. ఈ పిల్ల జాతీయ జూనియర్ పోటీలకు వెళ్లగలిగితే క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి ఉంది. లేకపోతే ఫ్యాక్టరీలో అక్క పక్కన పీట సిద్ధంగా ఉంది. అది ఆమెకూ తెలుసు, మాస్టారికీ తెలుసు.

నూకరత్నానికి ఒక అలవాటు. బరువెత్తే ముందు ఇనుపకడ్డీతో తగువు పెట్టుకునేది. వాళ్ల వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో ఆడవాళ్లు పోట్లాడుకుంటారే, అచ్చం అలాగ. నడుమున చెయ్యి పెట్టుకుని, “ఏటే, నిన్న లెగిసినావు గదా, ఇయ్యాలేటి నీ బడాయి? నీ కన్నా మా బుల్లెమ్మత్త నయం” అని మొదలుపెట్టి, గొంతు పెరిగి పెరిగి, మెడనరాలు తేలాక వంగి కడ్డీ పట్టుకునేది. అంతే, అది భుజాల మీదికి, అక్కడి నుంచి నెత్తి మీదికి వెళ్లిపోయేది. హేమనళిని గారు ఒకరోజు ఆమె చేతులు కడిగించి వేళ్లకు నన్ను తొడిగి చూశారు. తగువు మొదలైన క్షణం నుంచి నా ఎర్రదీపం ఆరితే ఒట్టు.

“సన్యాసిరావు గారూ, ఈ పిల్లకు శాంతం నేర్పకండి. ఉన్న బలం పోతుంది” అన్నారు ఆవిడ.

“మరేటి నేర్పమంటారమ్మా?”

“ఆ తగువు సరిగ్గా ఏ క్షణాన ఆపి వంగాలో అది నేర్పండి. ముందే ఆపితే చల్లారిపోతుంది, ఎక్కువసేపైతే అలిసిపోతుంది.”

మాస్టారు అదే నేర్పాడు. మరో పిల్లవాడికి మాత్రం వీపు మీద చరుపు కావాలి, ఇంకొకడికి గోడవైపు తిరిగి కూర్చోవడం కావాలి. అన్నీ ఆవిడ తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. నా మూతమీద మాత్రం చీటీ అంటించారు. ‘ఆర్చరీకి మాత్రమే. వేరే ఆటకు వాడేముందు ఆ ఆటను చూడండి.’

ఆవిడ ఒప్పందం కాలం అయిపోయింది. నోటుపుస్తకం తీసుకుని ఆవిడ వెళ్లిపోయారు, నేనూ గోడమీది కాగితమూ మిగిలాం.

తర్వాత పరాంకుశం గారు స్పెషలాఫీసరుగా వచ్చారు. మంచివారే, ఆ సంగతి నేను కాదనను. లంచం ముట్టరు, పొద్దున ఐదింటికే మైదానంలో ఉంటారు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. స్టాకు తనిఖీలో నన్ను బీరువాలోంచి తీయించి, ఇంత మంచి యంత్రాన్ని మూల పడేస్తారా అని అందరినీ కోప్పడ్డారు. వెంటనే నా మూతమీద తెల్లరంగుతో స్టాకు నంబరు వేయించారు. వేసినవాడు సరిగ్గా ఆ చీటీ మీదే వేశాడు. నేను నోరులేని వస్తువును కాబట్టి ఊరుకున్నాను, నోరున్నవాళ్లు ఎందుకు ఊరుకున్నారో నాకు తెలియదు.

వారం తిరగకుండా ఆర్డరు వచ్చింది. ఆర్చరీలో ఇంత మేలు చేసిన శిక్షణ మిగతా ఆటలకు అందకపోవడం అన్యాయమట. గోడమీది కాగితాన్ని గుమాస్తా చేత మళ్లీ టైపు చేయించి అన్ని ఆటలకూ పంచారు. ఆర్చరీ కాగితాన్ని కబడ్డీకి మార్చడమంటే ‘బాణం’ అన్నచోటల్లా ‘ప్రత్యర్థి’ అని కొట్టడమే అనుకున్నాడు గుమాస్తా. దాంతో ‘నెమ్మదిగా ఊపిరి వదులుతూ ప్రత్యర్థిని సున్నితంగా వదలండి’ అని తయారైంది. కబడ్డీ మాస్టారు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. “వదిలేత్తే మరి ఆటేటి?” అని పక్కవాణ్ని అడిగాడు గానీ, ఆఫీసరును అడగలేదు.

నేను మాత్రం హాలు హాలూ తిరిగాను. నాకు కాళ్లు లేకపోయినా అరిగిపోయాననిపించింది. ఖోఖో పిల్లలు నా ముందు కూర్చుని పచ్చదీపం తెచ్చుకుని, ఆ తర్వాత తరమాల్సినవాళ్లను చూస్తూ నిలబడేవారు. బాక్సింగ్ పిల్లవాడొకడు మూడు వారాలు సాధన చేసి ఎంత ప్రశాంతంగా తయారయ్యాడంటే, జిల్లా పోటీలో దెబ్బతిని ఎదుటివాడికి దారి ఇచ్చాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టైంది. ఇంతమంది ఓడిపోతున్నా ప్రతి నివేదికలోనూ ‘పచ్చదీపం శాతం పెరిగింది’ అని రాసేవారు. ఆ వాక్యం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒక్క వెయిట్‌లిఫ్టింగ్ హాల్లోనే అందరికీ వెంటనే పచ్చ వెలిగేది. కారణం ఇనుపకడ్డీ జారకుండా వాళ్లు చేతులకు పూసుకునే తెల్లపొడి. ఆ పొడి చెమటంతా పీల్చేస్తుంది. లోపల మంటలు మండుతున్నా వేళ్లు మాత్రం ఎండిన చేపలా ఉంటాయి. సన్యాసిరావు మాస్టారికి ఇది తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. నూకరత్నం కడ్డీతో తగువాడుతూ, పచ్చదీపంతో, హాయిగా తొంభై కిలోలు ఎత్తేది. నేను అబద్ధం చెబుతున్నానని తెలిసినా, ఆ ఏడాది పాటు నాకు అంతకంటే సుఖం లేదు.

అదీ ఎంతోకాలం నిలవలేదు. ఎవరో పెద్దాఫీసరు వస్తున్నారని పరాంకుశం గారు ఒక పొద్దున లిఫ్టర్లందరితో చెయ్యి కలిపి, వచ్చినాయన ముందు స్వయంగా ఉంగరాలు తొడుక్కున్నారు. పచ్చదీపం వెలిగింది. పరాంకుశం గారికి నా మీద అంతకుముందు ఒక్కనాడూ పచ్చ వెలగలేదు. తన మనసు సంగతి తనకు తెలుసు కాబట్టి అనుమానం వచ్చింది. చేతిని వెలుగులో పెట్టి చూసుకున్నారు. వేళ్లకు తెల్లపొడి అంటుకుని ఉంది.

జాతీయ జూనియర్ పోటీలకు ఎంపిక మరుసటి వారమే. ఆ ఏడాది దాటితే నూకరత్నానికి జూనియర్ వయసు అయిపోతుంది. కొత్త ఆర్డరు వచ్చింది. ప్రతి ప్రయత్నానికీ ముందు సబ్బుతో చేతులు కడగాలి, నా ముందు కూర్చోవాలి, పచ్చ వెలగాలి. ఆ తర్వాతే పొడి పూసుకోవాలి. పచ్చ లేకుండా ఎత్తిన ఎత్తు చెల్లదు. హాల్లో గట్టిగా మాట్లాడకూడదు.

ఎంపిక రోజున నన్ను వేదిక పక్కనే బల్ల మీద పెట్టారు. ఎదురుగా ముగ్గురు రిఫరీలు కూర్చున్నారు. ఎత్తు సరిగా ఉంటే తెల్లదీపం వేస్తారు, లేకపోతే ఎర్రదీపం. నూకరత్నం ఎత్తుతానని రాయించుకున్నది తొంభై కిలోలు, ప్రయత్నాలు మూడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నోరు మూసుకుని, కళ్లు మూసుకుని, గోడమీది కాగితంలో చెప్పినట్టే ఊపిరి తీసి వదిలింది. చాలాసేపటికి పచ్చ వెలిగింది. అప్పటికి ఆమె చేతులు చల్లబడిపోయాయి, ఉంగరాల్లోంచి నాకు తెలుస్తూనే ఉంది. వెళ్లి వంగింది. కడ్డీ మోకాళ్లు దాటలేదు. రెండోసారి భుజాల దాకా వచ్చి కింద పడింది. నేలమీద ఆ ఇనుము పడిన చప్పుడు నాలోపలి తీగలదాకా వచ్చింది.

“సార్, ఈ పిల్ల పద్ధతి వేరండి. ఒక్క నిమిషం దాన్ని మాటాడనివ్వండి” అన్నాడు సన్యాసిరావు మాస్టారు. ఆ హాస్టల్లో ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు.

“మనసు అదుపులో లేని పిల్లను పంపితే హాస్టల్ పరువు పోతుంది మాస్టారూ. నేను మనుషుల మాట నమ్మను, యంత్రం మాట నమ్ముతాను” అన్నారు పరాంకుశం గారు.

మూడోసారి ఆమె వచ్చి కూర్చుంది. ఊపిరి తీసింది. ఎర్ర. మళ్లీ తీసింది. ఎర్రే. అప్పుడు కళ్లు తెరిచి నన్ను చూసింది.

“ఓ డబ్బా, నా మనసు నీకేటి తెలుసే? నీకు సెమట తెలుసు. సెమట ఎవులికి రాదు? పిక్కలు కొట్టే మా అమ్మకి రాదా? దానికీ ఎర్రే ఎలిగిత్తావా? రోజూ నీ ముందర కూకుని ఊపిరి లెక్కెట్టుకోడానికా నాను మా ఊరి నుంచొచ్చినాను?”

గొంతు పెరుగుతోంది. పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. నా ఎర్రదీపం అంత ధగధగా ఎప్పుడూ వెలగలేదు. ఆమె ఉంగరాలు పీకి బల్లమీద కొట్టింది. “ఎరుపో పచ్చో నీ ఇష్టం, నాను ఎల్తన్నాను” అని, పొడి పూసుకుని వేదిక ఎక్కింది.

కడ్డీ భుజాల మీదికి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నెత్తి మీద ఉంది, ఆమె చేతులు రెండూ తిన్నగా ఉన్నాయి, కాళ్లు కదలలేదు. రిఫరీల బల్ల మీద తెల్లదీపాలు మూడూ వెలిగాయి. హాల్లో ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు, సన్యాసిరావు మాస్టారు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

పరాంకుశం గారు ఆ మూడు దీపాలూ చూశారు. చూసి, నా వైపు తిరిగి, ‘ఎరుపు – చెల్లదు’ అని రాశారు. ఆమె బదులు డెబ్బై ఎనిమిది ఎత్తిన పచ్చదీపం పిల్లను పంపారు. ఆ పిల్ల అక్కడ మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని వచ్చింది. దాని తప్పు కూడా ఏమీ లేదు.

సన్యాసిరావు మాస్టారు పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. ఐదు నెలలకు విచారణకని ఒక ఇంజనీరు వచ్చాడు. నన్ను విప్పి మీటరు పెట్టి చూశాడు. తడి వేళ్లకు తొడిగాడు, ఎర్ర వెలిగింది. తుడుచుకుని తొడిగాడు, పచ్చ వెలిగింది. బరువెత్తే పిల్లకు పచ్చదీపం దేనికని ఆయన ఒక్కసారి అడిగితే బాగుండునని ఎంత ఆశపడ్డానో. ఆయనను పంపింది నన్ను చూడ్డానికే, అందుకని నన్నే చూశాడు. తర్వాత ఎంపికకు ముందు వచ్చిన ఆ ఆర్డరు తీసి పైకి చదివాడు. ‘యంత్రము పనిచేయని పక్షమున రిఫరీల నిర్ణయమే అంతిమము’ అని అందులో చివర ఒక పంక్తి ఉంది. అప్పటిదాకా నాకు ఆ పంక్తి సంగతి తెలియదు. ఆయన దాని కింద గీత గీసి, ‘యంత్రములో ఎట్టి లోపమూ లేదు, ఫిర్యాదు మూసివేయడమైనది’ అని రాసి సంతకం పెట్టాడు.

అప్పటికే నూకరత్నం ఫ్యాక్టరీలో అక్క పక్కన కూర్చుంటోందని మాస్టారు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. వేళ్లు నల్లబడ్డాయట.

ఇప్పుడు నన్ను తుక్కు గదిలో పడేశారు. పక్కన విరిగిన విల్లు ఒకటీ, పగిలిన ఇనుపచక్రాలు కొన్నీ ఉన్నాయి. వర్షం పడితే పైకప్పు కారుతుంది, నాలో తీగలు ఒక్కొక్కటే తుప్పు పడుతున్నాయి. నిన్న ఎర్రదీపం బల్బు మాడిపోయింది. ఆ ఎంపిక రోజున మాడి ఉంటే ఆ పిల్ల రైలెక్కేది. ఆ రోజు నేను బాగా పనిచేశాను.