నాదీ, నా బోల్టుదీ ఒకే నంబరు

నేను ఒక పాత తుపాకీని. ఆ మాట వినగానే వెనక్కి జరగకండి. నా గొట్టానికి బెజ్జం వేసి, ఇక ఎప్పటికీ పేలకుండా చేసేశారు. పేలే రోజుల్లో కూడా నేను ఒక్క ప్రాణం తీయలేదు. అట్టబొమ్మలను కొట్టాను. ఒకసారి గురి తప్పి ఎస్సై గారి సైకిలు గంటను కొట్టాను. అది మోగింది కూడా.

నేను పుట్టింది బెంగాల్ వైపు ఒక ఫ్యాక్టరీలో. ఒళ్ళు ఉక్కు, కింద వాల్‌నట్ చెక్క. నన్ను పేల్చాలంటే ప్రతిసారీ ఒక ఇనప కడ్డీని పిడి పట్టుకుని వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఆ కడ్డీనే బోల్టు అంటారు. జానెడు కూడా ఉండదు కానీ, అది లేకపోతే నేను వట్టి దుడ్డుకర్రను. మా ఇద్దరినీ ఒకదానికొకటి సరిపోయేదాకా అరగదీసి, ఇద్దరి మీదా ఒకే నంబరు కొట్టారు: 4471.

కొన్నేళ్ళు సైన్యంలో ఉన్నాం. కొత్త తుపాకులు రాగానే మేము పాతవాళ్ళమైపోయాం. సముద్రం ఒడ్డున ఒక చిన్న పోలీసు స్టేషనుకు పంపేశారు. అక్కడ కానిస్టేబులు నాంచారయ్య నన్ను చూసుకునేవాడు. తలకు రాసుకోగా మిగిలిన కొబ్బరినూనె నాకు రాసేవాడు.

దొంగలు ఎత్తుకుపోయినా పేల్చలేకుండా, నన్ను గొలుసుతో కట్టేసి బోల్టును విడిగా ఒక కానిస్టేబులు దగ్గర ఉంచేవారు. ఉప్పెన వచ్చిన రోజు అది నాంచారయ్య జేబులో ఉంది. భార్య తిరుపతమ్మ కోసం ఇంటికి పరుగెత్తాడు. నడుము లోతు నీళ్ళలో ఆమెను, రెండు మేకలను తీసుకెళ్ళి బడి మిద్దె ఎక్కించాడు. ఎక్కాక చూసుకుంటే జేబు చిరిగి ఉంది. మనిషినీ మేకలనూ కాపాడినందుకు మెచ్చుకుంటారనుకున్నాను. బోల్టు పోగొట్టినందుకు ప్రమోషను ఆపేశారు. మనుషుల పద్ధతులు నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కావు.

నాకు 902 నంబరు బోల్టు తగిలించారు. మంచిదే. కానీ ఎప్పుడూ చుట్టాలింట్లో పడుకున్నట్టే ఉండేది.

ఏళ్ళు గడిచాయి. మా పాత తుపాకులన్నింటినీ ఒకచోట చేర్చారు. తుపాకులు బాగుచేసే గఫూర్ సాహెబు గారు మ్యూజియం కోసం ఒక్కో రకం ఏరుతున్నారు. మా రకానికి గాజుపెట్టెలో ఒక్క చోటే ఉంది. అది కూడా ఒళ్ళంతా ఒకే నంబరు ఉన్న తుపాకీకే. మిగతావి సోమవారం కొలిమికి పోతాయి. నాలో బోల్టు తప్ప అన్నింటి మీదా 4471 ఉంది. పాత రిజిస్టరులో నాంచారయ్య పేరు చూసి, సాహెబు గారు నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని శనివారం ఆయన ఇంటికి వెళ్ళారు.

"ఆ బోల్టు ఎక్కడ జారిందో గుర్తుందా, నాంచారయ్యా?"

"ఉప్పెనలో ఏది ఎక్కడ జారిందో ఎవరికి తెలుసు సార్? నా నిక్కరు కూడా జారింది."

ఇక నాకు కొలిమే అనుకున్నాను. అప్పుడు వంటింట్లోంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. నా చెక్క దాకా జలదరించింది. సాహెబు గారు కూడా తల తిప్పారు.

"అమ్మా, ఏంటి దంచుతున్నారు?"

"అల్లమండి, టీలోకి."

"అల్లం సరే. దేంతో?"

తిరుపతమ్మ చెంగుతో తుడుస్తూ బయటికి తెచ్చింది. పిడి చూడగానే నాంచారయ్య గుర్తుపట్టాడు, అది నా బోల్టే.

"ఇది నీ దగ్గర ఎప్పట్నుంచి ఉందే?"

"ఉప్పెన ఎల్లాక బురద తీత్తంటే దొరికింది. ఏదో మోటారు సామాననుకున్నా."

"మరి నాకు చెప్పవా?"

"నువ్వు బోల్టు పోయిందన్నావు. బోల్టంటే నట్టుకుండేదేగా! దాని కోసం నెల్రోజులు ఎతికాను. ఎతుకుతుంటేనే ఇది దొరికింది. అయినా వంటింట్లోకి ఒక్కసారన్నా వత్తే నువ్వే చూసేవోడివి గదా?"

పోగొట్టినదానితో దంచిన అల్లం టీనే ఆయన రోజుకు రెండుసార్లు తాగుతూ వచ్చాడన్నమాట. సాహెబు గారు బొటనవేలితో అల్లం పీచు తుడిచారు. 4471.

"ఇది మాకు కావాలమ్మా."

"మరి నేనేంతో దంచుకోను? రోకలి తెచ్చేదాకా ఇది నా చేతిలోనే ఉంటది."

సాహెబు గారు నన్ను మంచం మీదే వదిలి, జీపులో బజారుకు పోయి చిన్న ఇత్తడి రోకలి తెచ్చారు. తిరుపతమ్మ చేయి చాపింది. ఆయన మాత్రం దాన్ని నాంచారయ్య చేతిలో పెట్టారు. తర్వాత 902ను తీసేసి, నా బోల్టును నాలోకి తోశారు. ఖటక్! అంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నేళ్ళయిందో!

ఇప్పుడు గాజుపెట్టెలో ఉన్నాను. బడిపిల్లలు వచ్చి అద్దానికి ముక్కులు ఆనించి చూస్తారు. లోపల నాకు ఇంకా అల్లం వాసనే. నిన్న వాళ్ళిద్దరూ వచ్చారు.

"రోజుకు రెండు పూటలా పన్జేసేది. దీన్నిక్కడ ఖాళీగా పడుకోబెట్టారు," అంది తిరుపతమ్మ.

"దాని పని ఇప్పుడు నేను చేత్తన్నాగా," అన్నాడు నాంచారయ్య.

నిటారుగా నిలబడి నాకు సెల్యూట్ చేయడానికి చేయెత్తాడు. గోళ్ళ సందున అల్లం పీచు ఉంది.